మూడు మోటర్లూ ఒక్కసారే

ఆర్మూర్ మార్కెట్ యార్డు ముందు నిలబడి భూమేశ్వర్ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పరు. మోటర్ల భూమేశ్వర్ అనండి, పసుపు బస్తా భుజాన ఉన్న హమాలీ కూడా ఆగి దారి చూపిస్తాడు. పెర్కిట్ పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు, అందులో వైండింగ్ దుకాణం, దానికి ఆనుకుని రెండు గదుల ఇల్లు. కాలిపోయిన మోటరును విప్పి, లోపలి రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి దానికి మళ్లీ ప్రాణం పోయడం ఆయన పని. మా అక్క గంగామణి మొగుడు, అంటే నాకు బావ. బావ కాబట్టి తిట్టే హక్కు నాకుంది. ఇది రాయడానికి కూర్చున్నదే ఆ హక్కు వాడుకోవడానికి.

మా అక్క ఇంటి అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతుంది. మా దిక్కు ఆడవాళ్లలో సగం మంది చేసే పనే. ఒళ్లో చేట, చేటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. పెళ్లికి ముందు నుంచీ చుట్టిన చెయ్యి, మాట్లాడుతూనే చుడుతుంది, కళ్లు మూసుకున్నా చుడుతుంది. ఆమధ్య దగ్గుతూ చుట్టడం మొదలుపెట్టింది. దవాఖానలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి చెప్పేసింది. "తంబాకు ముట్టుడు బంద్ చెయ్యాలె గంగామణీ. లేకపోతే నేను రాసే మందులు మోరీల పోసినట్టే." అక్క తల ఊపింది, ఇంటికొచ్చింది, చేట ఒళ్లో పెట్టుకుంది. మానేస్తే ఇల్లు ఎలా నడుస్తుందని డాక్టరమ్మను ఎవరూ అడగలేదు. అడిగితే మాత్రం ఆమె ఏం చెప్తుంది పాపం.

ఒకప్పుడు మా బావ పరిస్థితి ఇది కాదు. పొలాలకు కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజుల్లో ఆయన షెడ్డు ముందు ట్రాక్టర్లు బారులు తీరేవి. పసుపుకు తడి పెట్టాల్సిన వేళ మోటరు కాలితే రైతుకు ఇంట్లో మనిషి మంచాన పడ్డట్టే. మా బావ మోటరు బాగుచేసి ఊరుకునే రకం కాదు. తనే పొలానికి పోయి బోరుకు బిగించి, నీళ్లు దూకడం కళ్లారా చూసి, చివరికి స్టార్టర్ డబ్బా తెరిచి అందులో ఇంకో చిన్న డబ్బా పెట్టేవాడు. దాన్ని ఆటో స్టార్టర్ అంటారు. అది ఉంటే కరెంటు రాగానే మోటరు దానంతటదే నడుస్తుంది. మీట నొక్కడానికి రైతు చీకట్లో గట్ల మీద పడి పోనక్కర్లేదు. అడిగినా పెట్టేవాడు, అడగకపోయినా పెట్టేవాడు. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నట్టు, అది పెడితే గాని ఆయనకు పని అయిపోయినట్టు ఉండేది కాదు.

కరెంటోళ్లు ఊరూరా తిరిగి ఈ డబ్బాలు తీసేయండని మొత్తుకునేవారు. కరెంటు వచ్చిన క్షణానే ఊళ్లోని మోటర్లన్నీ ఒక్కసారే లేస్తే ఆ బరువు ట్రాన్స్‌ఫార్మర్ మీద పడి అది కాలిపోతుందని వాళ్ల బాధ. రైతులు సరే సరే అనేవాళ్లు. మా బావా సరే అనేవాడు. జీపు మలుపు తిరిగేలోపు ఎవరి డబ్బా వాళ్ల స్టార్టర్లోకి మళ్లీ వచ్చి చేరేది. ఇందులో ఎవరికీ తప్పు కనపడలేదు. ఆర్మూర్ చుట్టుపక్కల ఆటో లేని మోటరంటే ముక్కుతాడు లేని ఎద్దుతో సమానం, అంత అలవాటైపోయింది.

తర్వాత కరెంటు బాగుపడింది. అందరికీ సంతోషమే, ఒక్క మా బావ పొయ్యికి తప్ప. మోటర్లు కాలడం తగ్గింది. కాలినా బాగుచేయించేవాళ్లు తగ్గి కొత్తది కొనుక్కునేవాళ్లు పెరిగారు. బావ దుకాణం తీసి, ఊడ్చి, స్టూలు మీద కూర్చుని రోడ్డు చూసేవాడు. అరుగు మీద అక్క చెయ్యి ఆగేది కాదు.

ఇక నా సంగతి. నా పేరు చిన్నయ్య. మెండోర దిక్కు గుట్ట మీద ఉన్న నీళ్ల ప్లాంటులో ఆపరేటర్ని. శ్రీరాంసాగర్ నీళ్లు మా దగ్గరికి బురద రంగుతో వస్తాయి, అద్దంలా పోతాయి. శుద్ధి అయిన నీటిని మూడు పెద్ద మోటర్లు టౌనుకీ, చుట్టుపక్కల ఊళ్ల ట్యాంకులకీ తోస్తాయి. ఆఫీసు గుట్ట పైన, మోటర్ల గది కింద. మధ్యలో మెట్లు. ఆ మెట్లు కట్టినవాడికి మోకాళ్లు ఉండి ఉండవు. గాలిదుమారం వచ్చిన రోజు కరెంటు పోతూ వస్తూ ఉంటే, నేను దిగుతూ ఎక్కుతూ ఒక్కో మోటరు మీట నొక్కాలి. నా కుడి మోకాలు అరిగిపోయిందని ఎముకల డాక్టరే చెప్పాడు. ఈ సంగతి ఇంట్లో, టీకొట్లో, పెళ్లిళ్లలో, చావుల్లో, కనపడ్డ ప్రతివాళ్లకీ చెప్పాను. దాచుకోవడానికి అదేమైనా బంగారమా?

కరెంటు పోతే అసలు కష్టం నాది కాదు, ఊరిది. మోటర్లు ఆగితే పైపుల్లో నీళ్లు జారిపోతాయి. మళ్లీ పైపులు నిండి, ట్యాంకులు నిండి, నల్లాల్లోకి రావడానికి పూట గడిచిపోతుంది. ఎండాకాలంలో బిందెల దగ్గర జుట్లు పట్టుకున్నారంటే అందుకే. ఈ బాధ పోవాలని ప్లాంటుకు జనరేటర్లు మంజూరయ్యాయి. కాంట్రాక్టు రాజేశ్వర్ అనే ఆయనకు వచ్చింది. మనిషి మంచివాడే గాని నోటికి బ్రేకుల్లేవు. జనరేటర్లు హైదరాబాద్ కంపెనీవి. కేబుళ్లు వేయడం, పాత స్టార్టర్ పానళ్లు బాగుచేసి వాటికి కలపడం మాత్రం ఇక్కడి మనిషితో చేయించాలి. నేను మా బావ పేరు చెప్పాను.

ప్లాంటు చూసే ఇంజినీరు ఉమారాణి మేడం బావ పని రెండు రోజులు ఏమీ అనకుండా గమనించింది. తర్వాత నన్ను పిలిచింది. "చిన్నయ్యా, జనరేటర్లు బిగించినంక వాటిని చూసుకోవడానికి ఇక్కడనే ఒక మనిషి ఉండాలె. నెలనెలా జీతం వస్తది. ట్రయల్ మంచిగ అయితే మీ బావ పేరే రాస్త."

ఆ సాయంత్రం నేను ఇంటికి కూడా పోకుండా అక్క దగ్గరికి పోయి చెప్పాను. ఆమె చేతిలో బీడీ సగంలో ఆగింది. మా అక్క చెయ్యి ఆగడం నేను చూసింది అప్పుడే.

"నిజమేనా తమ్మీ?"

"మేడం నోటితోటి అన్నది."

"అయితే ట్రయల్ అయినంక బీడీల సేటు ఇచ్చిన పని కార్డు నేను వాపస్ ఇచ్చేస్త. సేటుకు రేపే చెప్త, ఇంకో మనిషిని చూసుకోమని."

తొందరపడకు అనాలనుకున్నాను. ఆమె ముఖం చూసి తల ఊపాను.

జనరేటర్లు ట్రైలర్ మీద వచ్చాయి. ఒక్కొక్కటి చిన్న గదంత ఉంది, ఆకుపచ్చ రంగు పెట్టె. క్రేను వాటిని ఎత్తి సిమెంటు దిమ్మెల మీద దించుతుంటే మా బావ కింద నిలబడి చంటిపిల్లను ఉయ్యాలలో పడుకోబెడుతున్నట్టు చెయ్యి అడ్డం పెడుతూ తిరిగాడు. క్రేను డ్రైవరు తిట్టాడు కూడా. ఆ వారమంతా బావ మనిషే మారిపోయాడు. కాలవ తవ్వించి, ఇసుక పరిచి, కేబులు పడుకోబెట్టి, మీద ఇటుకలు పేర్పించాడు. పాత పానళ్లు మూడూ విప్పి తుడిచి తీగలు మార్చి కొత్త పెళ్లికొడుకుల్లా నిలబెట్టాడు. పాటలు పాడడు గాని ఈల వేశాడు.

కంపెనీ తరఫున శ్రీకాంత్ అనే కుర్ర ఇంజినీరు వచ్చాడు. పసుపు హెల్మెట్, ల్యాప్‌టాప్, చేతులు తుడుచుకోవడానికి తడి కాగితాలు. చూడగానే నాకు ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న పుట్టినవాడు వచ్చి నన్ను మోటర్ల గదిలో నిలబెట్టి పాఠం చెప్పాడు. "అంకుల్, జనరేటర్ మీద నడిచేటప్పుడు ఒక్క మోటర్ స్టార్ట్ చెయ్యండి. అది స్పీడ్ అందుకున్నాక రెండోది. తర్వాత మూడోది. మోటర్ లేచేటప్పుడే చాలా పవర్ గుంజుతది." అంకుల్ అన్నందుకే నాకు సగం కోపం. బండి కదిలేటప్పుడే ఎద్దుకు బలం కావాలని, కదిలాక నడుస్తుందని నాకు తెలియదా అనుకుని తల ఊపాను. ఆ పాఠం నడిచేటప్పుడు మా బావ పైన కేబుల్ కాలవ దగ్గర ఉన్నాడు. వినలేదు.

ట్రయల్ రోజు పొద్దున్నే షామియానా వేశారు. టౌను పెద్దమనుషులు నలుగురు, ఊళ్ల నుంచి ఇంకొందరు వచ్చారు. మొదట నడపబోయే జనరేటర్‌కు పసుపు, కుంకుమ పెట్టారు. ఆర్మూర్‌లో పసుపుకు కరువేముంది, ఒక్కొక్కరు ఒక్కో పిడికెడు పూస్తే ఆకుపచ్చ పెట్టె కాస్తా పసుపు ముద్దలా తయారైంది. రాజేశ్వర్ కొబ్బరికాయ కొట్టి ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఇక కరెంటు పోయినా నీళ్లు ఆగవన్నాడు. చప్పట్లు కొట్టారు.

నేను కింద మోటర్ల గదిలో మొదటి పానల్ ముందు నిలబడ్డాను. ఏర్పాటు ఇదీ. పైన మెయిన్ కరెంటు తీసేస్తారు. జనరేటర్ దానంతటదే లేచి ప్లాంటుకు కరెంటు ఇస్తుంది. గదిలో లైటు వెలగగానే నేను మొదటి మోటరు మీట నొక్కాలి.

కరెంటు తీశారు. గది చీకటైంది. పైన జనరేటర్ లేచిన చప్పుడు వినిపించింది. లైటు వెలిగింది. నా వేలు మీట దాకా పోలేదు, దడ్ మని ఏదో మోగింది, లైటు ఎర్రబడింది, పైన జనరేటర్ గొంతు పట్టుకున్నట్టు మూలిగి ఆగిపోయింది. మళ్లీ చీకటి.

మెట్లెక్కి పైకి పోయేసరికి అందరూ నా మీద పడ్డారు.

"ఎన్ని మోటర్లు ఒత్తినవ్ చిన్నయ్యా?" అంది మేడం.

"ఒక్కటి సుత ఒత్తలే మేడం. దేవుని తోడు, ముట్టుకోకముందే పడిపోయింది."

నేను చెప్పింది అక్షరాలా నిజం. ఆ నిజమే శ్రీకాంత్ కొంప ముంచింది. ఒక్క మోటరు కూడా నడపకుండానే పడిపోయిందంటే జనరేటర్ ఎందుకూ పనికిరాదన్నమాటే కదా. రాజేశ్వర్ నోరు లేచింది. "గింత పెద్ద డబ్బా, ఒక బల్బు సుత మోస్తలేదు! ఏం మాల్ అంటగట్టిన్రయ్యా మాకు?"

శ్రీకాంత్ జనరేటర్‌ను ప్లాంటు నుంచి విడదీసి ఒంటరిగా నడిపించాడు. చక్కగా నడిచింది. "మా మిషన్ బాగుంది సార్. లోడ్ వైపు ఏదో ఉంది" అన్నాడు.

లోడ్ వైపు అంటే మా బావ పని. మా బావ మెడ నిటారుగా నిలబెట్టాడు. "నా కేబుల్ చూస్కోండ్రి సార్. మీరే చూడండ్రి." శ్రీకాంత్ తన మీటరుతో కేబుళ్లన్నీ అందరి ముందరా చూశాడు. ఎక్కడా లోపం లేదు. బావ చేతులు కట్టుకుని జనం వైపు చూశాడు. అప్పుడు నాకు ఆయన్ని చూసి గర్వంగా అనిపించింది. ఇక కుర్రాడు అబద్ధాలకోరు అయిపోయాడు.

రాజేశ్వర్ హైదరాబాద్‌కు ఫోన్ చేసి అందరికీ వినపడేలా పెట్టాడు. అవతల కంపెనీ మేనేజరు ఎవరో శ్రీకాంత్‌ను ఇంత మందిలో కడిగిపారేశాడు. సాయంత్రంలోగా నడిపించకపోతే ఇక ఆఫీసుకు రావద్దన్నాడు. కుర్రాడు "సార్, సార్" అనడం తప్ప ఇంకో మాట అనలేదు. ఫోన్ పెట్టాక మళ్లీ జనరేటర్ తలుపు తెరిచి లోపల దేనికోసమో వెతకడం మొదలుపెట్టాడు. హెల్మెట్ ఎప్పుడు తీసేశాడో, జుట్టంతా చెమటతో నుదుటికి అతుక్కుపోయింది.

మెయిన్ కరెంటు ఇంకా ఇవ్వకుండానే ఇంకోసారి చూద్దామంది మేడం. ఈసారి మా బావ కూడా నాతో పాటు కిందికి వచ్చాడు.

చీకటి. జనరేటర్ లేచింది. లైటు వెలిగింది. దడ్. చీకటి.

ఈసారి ఆ చప్పుడు ఏమిటో మా బావ చెవికి తెలిసింది. ముప్పై ఏళ్లుగా స్టార్టర్లతో కాపురం చేసిన చెవి అది. మూడు స్టార్టర్లు, మూడూ ఒక్కసారే పట్టుకున్న చప్పుడు. ఆయన గోడకు ఆనుకున్నాడు.

"చిన్నయ్యా. నేనే."

"ఏంది నువ్వే?"

"ఆటోలు పెట్టిన. నిన్న రాత్రి మూడిట్ల పెట్టిన."

నాకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. పొలంలో పెట్టినట్టే ఈ మూడు పానళ్లలోనూ ఆటో డబ్బాలు పెట్టాడు మహానుభావుడు. జనరేటర్ కరెంటు ఇచ్చిన క్షణాన మూడు మోటర్లూ ఒక్కసారే లేవబోయాయి. ఆ బరువుకు అది చతికిలబడింది.

"ఎవరు పెట్టమన్నరు నిన్ను?"

"ఎవలు అనలే. నీ మోకాలు చూస్త లేనా? కరెంట్ పోయినప్పుడల్లా గీ మెట్లు దిగుడు ఎక్కుడు. ట్రయల్ నాడు నువ్వు ఒత్తకముందే మోటర్లు నడిస్తే పరేషాన్ అయితవు, జర నవ్వుకుందామనుకున్న. ట్రాన్స్‌ఫార్మర్ మోస్తది గదా, గింత పెద్ద మిషిన్ మొయ్యదా అనుకున్న."

కొట్టాలో ఏడవాలో తెలియలేదు. ఏ మోకాలి గురించి ఊరంతా డప్పు కొట్టానో ఆ మోకాలు తెచ్చిన తంటా. కానీ నా బుర్ర వెంటనే పనిచేసింది. నేను తలుపు దగ్గరికి పోయి బయట ఎవరూ లేరని చూసి, గొంతు తగ్గించి చెప్పాను.

"బావా, నోరు ముయ్యి. నువ్వేం చెప్పకు. ఇప్పుడు భోజనాలకు లేస్తరు. గప్పుడు మూడు డబ్బాలు తీసి సంచిల వేస్కో. మల్ల ట్రయల్ జేస్తే మంచిగ నడుస్తది. ఎవనికి ఎర్క?"

"మరి గా పిలగాడు?"

"నడిస్తే ఆయన సుత బతుకుతడు కదా!"

"నడిచినంక ఏమంటరు? మొదలు ఎందుకు పడిందని అడుగరా? ఆయన మిషిన్ల ఏదో ఉండె, జనం లొల్లి పెడితే చాటుగ సరిచేసిండంటరు. గది ఆయన నెత్తి మీదనే ఉంటది."

"ఉండనియ్యి! ఆయన నీకు చుట్టమా? అక్క దగ్గు మరిచినవా? నౌకరి నీ చేతిల ఉన్నది బావా, ఒక్క పూట నోరు ముయ్యి!"

నేను అన్నది తప్పని ఇప్పటికీ అనుకోను. కుర్రవాడికి చదువుంది, ఇంకో కంపెనీ దొరుకుతుంది. మా అక్కకు ఇంకో జత ఊపిరితిత్తులు దొరకవు.

బావ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. హమ్మయ్య, విన్నాడనుకున్నాను. మొదటి పానల్ తెరిచి డబ్బా ఊడదీశాడు. రెండోది. మూడోది. మూడింటినీ సంచిలో వేసుకోలేదు. అరచేతుల్లో పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. నేను వెనకాల కుంటుకుంటూ "బావా, బావా" అంటూనే ఉన్నాను.

షామియానా కింద రాజేశ్వర్ ఇంకా అరుస్తూనే ఉన్నాడు. బావ సరాసరి పోయి మేడం ముందున్న బల్ల మీద మూడు డబ్బాలూ పెట్టాడు.

"మేడం, మిషిన్‌ది తప్పు లేదు. గా సార్‌ది తప్పు లేదు. నేను పెట్టిన గీ ఆటోలు. మూడు మోటర్లు ఒక్కసారే లేచినయ్, అందుకే మిషిన్ పడ్డది."

అరుపులు ఆగిపోయాయి. శ్రీకాంత్ జనరేటర్ తలుపు దగ్గర నుంచి లేచి వచ్చి ఒక డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. అక్కడే ఉన్న కుర్చీలో కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. హెల్మెట్టూ తడి కాగితాలూ చూసి అంతసేపు ఒళ్లు మండించుకున్న నాకు ఒక్కసారిగా ఆ పిల్లవాడి మీద జాలేసింది.

"ఎవరినడిగి పెట్టినవ్ భూమేశ్వర్?" అంది మేడం.

"ఎవరిని అడగలే మేడం. చెయ్యి అలవాటు."

నాకు ఆగలేదు. "నా కాలు నొప్పి చూడలేక పెట్టిండు మేడం! దొంగతనం చేసిండా, దోపిడీ చేసిండా?" అని అరిచాను. ఉద్యోగం పోతుందన్న ధ్యాస కూడా లేదు.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మంచికి పెట్టినా చెడ్డకు పెట్టినా మిషన్‌కు ఒక్కటే చిన్నయ్యా. నువ్వు కిందికి పో. ఒక్కొక్కటే ఒత్తు."

పోయి ఒత్తాను. మొదటి మోటరు లేచింది, జనరేటర్ కాస్త బరువుగా మూలిగి నిలదొక్కుకుంది. రెండోది లేచింది. మూడోది లేచింది. నీళ్లు పైపుల్లో ఉరికిన చప్పుడు కాళ్ల కింద తెలిసింది. పైన చప్పట్లు వినపడ్డాయి. ఈ చప్పట్లలో మా బావ వాటా ఎంతో లెక్క కట్టడానికి నాకు మనసు రాలేదు.

అందరూ పోయాక మేడం బావను పక్కకు పిలిచింది. నేనూ పోయాను, పిలవకపోయినా. ఆమె మాటల్లో కోపం లేదు, అదే నాకు ఇంకా కష్టంగా తోచింది. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. ఆ మాట నేను మరువ. కానీ ఎవరికీ చెప్పకుండ పానల్ల డబ్బా పెట్టిన మనిషికే ఆ పానల్ తాళం చెవి ఇస్తే పైన నన్నేమంటరు? ఊరి నీళ్లు ఇవి భూమేశ్వర్. జనరేటర్ల పని కంపెనీ మనిషికే ఇస్తున్న."

"మీరన్నది కరెక్టే మేడం" అన్నాడు బావ. అలా అనకుండా ఉంటే ఆయన భూమేశ్వర్ ఎందుకవుతాడు!

పోయే ముందు శ్రీకాంత్ వచ్చాడు. "అన్నా" అన్నాడు. బావ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు వదల్లేదు.

బావ మోపెడ్ మీద వెనక కూర్చుని పెర్కిట్ దాకా తిడుతూనే పోయాను. నోరున్న ఎద్దువన్నాను, అక్క ప్రాణం నీకు లెక్క లేదన్నాను, ఇంకా రాయకూడనివి అన్నాను. ఆయన ఒక్క మాటకే జవాబిచ్చాడు, అదీ బండి ఆపకుండా. "గా పిలగాడు మిషిన్ల చెయ్యి పెట్టి లేని తప్పు దేవులాడుతుండె చిన్నయ్యా. దొరకక ఏడుస్తుండె. తప్పేమో నా జేబుల ఉండె. ఎట్ల చూస్కుంట నిలబడాలె?"

ఇల్లు చేరేసరికి పొద్దు గూకలేదు. అక్క అరుగు మీదే ఉంది. మా ఇద్దరి ముఖాలు చూసి ఆమెకు సగం తెలిసిపోయింది. బావ మెట్టు మీదే ఆగిపోయాడు. చెప్పాల్సిన పని నా మీద పడింది. మొదలు నుంచి చివరి దాకా చెప్పాను, బావను మధ్యమధ్యలో తిడుతూనే. అక్క తల ఎత్తకుండా బీడీలు చుడుతూ వింది.

"గా పిలగాని నౌకరి ఉన్నదా?" అంది చివరికి.

"ఉన్నది."

"మంచిగైంది."

అంది గాని చెయ్యి ఆగిపోయింది. చేటలోకి చూస్తూనే, "నేను కార్డు ఇచ్చేస్తనని సేటుకు చెప్పిన కదరా తమ్మీ" అంది. "మస్తు ఆశ పెట్టుకున్న." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు కాస్తా దగ్గులోకి తిరిగింది. ఆ దగ్గు ఆగే దాకా మేమిద్దరం ఆమె ముందు నిలబడే ఉన్నాం. మంచినీళ్లు తెచ్చివ్వాలని కూడా నాకు తోచలేదు. ఆ క్షణాన లోకంలో నిజాయితీ అన్న మాటంటేనే నాకు అసహ్యం వేసింది.

బావ పోయి తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాడు. తిరిగి వచ్చి అక్క ఎదురుగా అరుగు మీద కూర్చున్నాడు. ఆమె ఒళ్లోంచి చేట తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏంది గిది?" అంది అక్క.

"ఇగ నువ్వు తంబాకు ముట్టకు. ఆకు ఎట్ల పట్టాలె, చెప్పు."

"నీకు పిచ్చి లేసిందా? ఆడోళ్ల పని."

"చెప్పు."

నేను రోడ్డు వైపు చూశాను. మార్కెట్ నుంచి తిరిగిపోతున్న బండ్లు, ఆటోలు, తెలిసినవాళ్లు. మా దిక్కు మగవాడు నడివీధి అరుగు మీద బీడీలు చుట్టడం నేను చూడలేదు. "బావా, లోపటికన్న రా. జనమంత చూస్తున్నరు" అన్నాను. ఆయనకు వినపడలేదో, వినపడనట్టు ఉన్నాడో. అక్క కళ్లు తుడుచుకుని దూరం నుంచే చెప్పింది. ఆకు ఇట్ల పట్టు, తంబాకు గంత వద్దు, జర వదులుగ చుట్టు, కొస గోటితోటి మడువు. బావ నాలుక బయటపెట్టి, పళ్లతో నొక్కుకుని, తీగ చుట్టినట్టు చుట్టాడు. దారం కట్టి అక్క ముందు పెట్టాడు.

అక్క ముట్టుకోకుండా ఒంగి చూసింది. "గిది బీడీనా? మోటర్ చుట్టినవ్. గుంజితే గాలి సుత రాదు." అని నవ్వింది. ఏడ్చిన ముఖంతోనే నవ్వింది. నవ్వుకు మళ్లీ దగ్గొచ్చింది. ఆయన ఆ బీడీ విప్పేసి ఇంకోటి మొదలుపెట్టాడు.

కొన్నాళ్లకు ఒక పొద్దున డ్యూటీకి పోతూ ఆ దారినే వచ్చాను. అరుగు మీద మా బావ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ముక్కుకు తువాలు కట్టుకున్నాడు, ఒళ్లో చేట. అక్క పెరట్లో ఎక్కడో ఉంది. షెడ్డు ముందు జక్రాన్‌పల్లి రైతు ఒకాయన ట్రాలీలో కాలిన మోటరు పెట్టుకుని, దించాలో వద్దో తెలియక మా బావనే చూస్తూ నిలబడ్డాడు.

"దించు పటేలా" అన్నాడు బావ తల ఎత్తకుండా. "గీ కట్ట కట్టి వస్త."